వేయించిన మట్టి

1859 మే 14, శనివారం

కంద దుంపలు విత్తనానికి ముక్కలు కోసేం. పోయినేడు వానల్లో మొదళ్ళు కుళ్ళి పంటంతా పోయింది. అప్పట్నుంచీ మా ఆసామీ బుచ్చిరాజుగారికి అన్నం సయించడం లేదు, అంటే మారు వడ్డించుకోవడం లేదు. నేనాయన గుమస్తాని. అంతకు ముందు కాలువ లాకు దొర దగ్గర పని. నాలుగు ఇంగ్లీషు ముక్కలూ, ఈ డైరీ జబ్బూ అక్కడ అంటుకున్నవే.

పాలేరు అబ్రహాము పెరట్లో కంద ఏనాడూ కుళ్ళదు. ఆ పెరటి మట్టి పేడనీళ్ళలో కలిపి విత్తనం ముంచమన్నాడు. మా మట్టి కుళ్ళుని తినేస్తదండీ అన్నాడు. నంజుకోడానికి ఆవకాయ కూడా కావాలేమిట్రా అన్నాను. వద్దండీ, పేడ చాలండీ అన్నాడు, నవ్వకుండా. రాజుగారు మాత్రం, ఈ ఏడూ కుళ్ళిందంటే నా గట్టు మీద నీ గుడిసె ఉండదురా అన్నారు. ఆయ్ అన్నాడు అబ్రహాము, చేతులు కట్టుకుని.

మే 16

అబ్రహాము నాలుగు గంపల మట్టి తెచ్చి మా వాకిట్లో దింపి వెళ్ళేడు. ముంచాల్సిన విత్తనం మా కొట్లో ఉంది. పేటవాళ్ళ మట్టి గడప దాటడానికి వీల్లేదంది మా ఆవిడ అప్పాయమ్మ. అగ్నికి అంటు లేదంటూ, పేలాలు వేయించే మంగలంలో మూడు గంపలూ వేయించింది. పుల్లలు ఎగదోసింది నేనే. లాకు దొర నీళ్ళు కాచుకునే తాగేవాడు, ఆఖరికి విరేచనాలతోనే పోయేడు. అదెందుకో గుర్తొచ్చింది.

నాలుగో గంపకి పుల్లలు చాల్లేదు. దాన్ని అబ్రహామే చేలోకి పట్టికెళ్ళి, చివరి మూడు బోదెల విత్తనం అందులో ముంచేడు. తక్కిన విత్తనమంతా మేం వేయించిన మట్టిలో ముంచేం. వేయించేమని అతనికి చెప్పలేదు.

జూన్ 30

వాన.

ఆగస్టు 9

కుళ్ళు వచ్చింది. మొదళ్ళ చుట్టూ తెల్లబూజు, అందులో ఆవగింజల్లాంటి పలుకులు. మొక్కలు గొడుగులు విరిగినట్టు ఒరిగేయి. చివరి మూడు బోదెలూ పచ్చగా నిలబడ్డాయి.

ఆ మూడే.

ఆ మట్టిలో కుళ్ళుని తినేదేదో ఉండేది. మేం దాన్ని మంగలంలో పోసి చంపేం.

ఆగస్టు 10

ఎల్లుండికల్లా గుడిసె పీక్కోమన్నారు రాజుగారు. మోసగాడివిరా అన్నారు. అబ్రహాము నావైపు చూసేడు. నేను దగ్గేను.

ఆగస్టు 11, మధ్యాహ్నం

చెబితే ఇక మనింట ఎవరూ మంచినీళ్ళు ముట్టరంది అప్పాయమ్మ. చెప్పేను. మంగలం, పుల్లలు, మూడు బోదెలు, అన్నీ. రాజుగారు చేలోకి వెళ్ళి ఆ బోదెల్లో మట్టి గుప్పెడు తీసి చూసేరు. అయితే వాడు మోసగాడు కాదన్నమాట అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే ఆ పెరడు నాక్కావాలి అన్నారు.

ఆగస్టు 13

పొద్దుట్నుంచీ బళ్ళు. మోకాలి లోతున తవ్వి, మట్టంతా రాజుగారి చేలోకి తోలేరు. గుడిసె అడ్డమని పీకేసేరు.

ఆగస్టు 14

ఊరొదిలి పడవెక్కబోతూ అబ్రహాము మా వాకిట్లోకొచ్చేడు. తడిగుడ్డలో మూటెడు మట్టి. నీడలో ఉంచండి, తడారనివ్వకండి అన్నాడు. రెండు చేతులూ చాపేను.

ఆయ్ అన్నాను.