రాజక్క తెచ్చిన రెండు ఆకులు

బుధవారం రాత్రి, సిరొంచ

పొద్దుటి నుంచి ఆకులు చూసి చూసి కళ్లు మండుతున్నాయి. చేను చూడకుండా, రైతు తెచ్చిన ఆకు చూసి పురుగుమందు ఇవ్వడం నాన్న కాలం నుంచీ మా దుకాణంలో అలవాటే.

రేగుంట నుంచి రాజక్క మళ్లీ వచ్చింది. ఇది మూడోసారి. మిర్చికి ఆకుముడత తగ్గలేదట. కొంగుముడి విప్పి రెండు ఆకులు బల్ల మీద పెట్టింది.

"సేటూ, నువ్విచ్చిన మందు కొట్టిన సాలుది ఏదో చెప్పు."

మందు కొట్టిన వరసలోది ఇదేననుకుని, కాస్త విచ్చుకుని పచ్చగా ఉన్న ఆకు చూపించాను.

"అది మందు అయిపోయి ఇడిసిపెట్టిన సాలుది" అంది.

నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "మరి ఇప్పుడేం కొట్టాలె?" అని అడిగింది.

ఏమీ కొట్టొద్దు అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి అప్పటికే వెనక అరలోకి పోయింది.

"జర గట్టిది ఇస్తున్న. ఇది కొట్టి సూడక్కా" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, సీసా సంచిలో వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

రేపు వెళ్లి ఆ చేను చూడాలా? చూసి మాత్రం ఏం చెప్తాను? ఇన్నేళ్లుగా మందులు అమ్ముతున్నాను గానీ, మిర్చి గురించి నాకు తెలిసిందెంత?

ఆమె బల్ల మీద వదిలేసిన ఆకులు చొక్కా జేబులో వేసుకున్నాను. ఇందాక తీసి చూస్తే రెండూ ఒకేలా వాడిపోయి ఉన్నాయి. ఏది మందు కొట్టినదో, ఇప్పుడూ చెప్పలేను.