కొట్టేసిన మాట

మార్చి 4, మంగళవారం

కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అమ్మాయి ఇవాళ నాతో నోరు విప్పి మాట్లాడింది! మనవడు జ్వరంతో పోయినప్పటి నుంచి ఊఁ, ఆఁ తప్ప ఇంట్లో మాటే లేదు. తను పనిచేసే బైబిలు అనువాదం ఆఫీసులో, కొత్తగా రాసినదాన్ని నాబోటి వాళ్ళకు చదివి వినిపిస్తారట. విన్నవాడు తనకేం అర్థమైందో సొంత మాటల్లో చెప్పాలి. వాడికి అందని మాటను కొట్టేస్తారు. ఎల్లుండి వినడానికి నన్ను రమ్మంది. నా ఐదో క్లాసు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. నా బంగారు తల్లి!

సాయంత్రం

ఏ భాగం అని అడిగాను. ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకు శవాన్ని మోసుకుపోతుంటే ప్రభువు ఎదురుపడతాడే, అది. పాత బైబిల్లో ‘కనికరపడి’ అని ఉంది. గ్రీకులో అక్కడున్న మాట పేగుల్లోంచి పుట్టిందట. స్ప్లాంక్నా ఏదో. నాకు నోరు తిరగక ముక్కుతూ ఉంటే అమ్మాయి నవ్వింది. నవ్వింది!

‘కడుపు తరుక్కుపోయి’ అని రాసిందట. ప్రభువు విషయంలో అది మోటుగా ఉందని పెద్ద పాస్టరుగారి అభ్యంతరం.

“బాబు పోయినప్పుడు అందరూ కనికరపడ్డారు నాన్నా. కనికరపడి, టీ తాగి వెళ్ళారు. ఆయన కూడా అంతేనా?”

మార్చి 5

చొక్కా ఇస్త్రీ చేయించాను. రేపు అమ్మాయి పరువు నిలబెట్టాలి. పాత బైబిలు తీసి ఆ భాగమంతా కంఠతా పట్టాను. పొల్లు పోదు.

మార్చి 6

బల్ల చుట్టూ నలుగురు. పెద్ద పాస్టరుగారు నాకు కుర్చీ వేయించారు. అమ్మాయి చదివింది. ‘కడుపు తరుక్కుపోయి’ దగ్గర నా వైపు చూసింది. మీ మాటల్లో చెప్పండి అన్నారు. నేను లేచి నిలబడి, బడిలో పద్యంలా గడగడా అప్పజెప్పేశాను. ‘కనికరపడి’ అని మరీ గట్టిగా. పాస్టరుగారు భేష్ అన్నారు. పొంగిపోయి అమ్మాయి వైపు చూశాను. తల ఎత్తలేదు.

“కన్నతండ్రి చెవికే ఎక్కని మాట, ఇక జనానికేం ఎక్కుతుందమ్మా?” అన్నారాయన. అమ్మాయి చేతే కొట్టేయించారు.

నేను విన్నానండీ, నాకు ఎక్కిందండీ అన్నాను. మొదట చెప్పిందే లెక్కట. రూలట.

మార్చి 7

అమ్మాయి ఏమీ తినలేదు. నేనూ తినలేదు.

మార్చి 20

ఊఁ. ఆఁ.

జూన్ 8, ఆదివారం

చర్చిలో కొత్త అనువాదంలోంచి ఆ విధవరాలి భాగం చదివారు. ఆ మాట రాకముందే అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. అల్లంత దూరాన, గేటు దగ్గర, ఎండలో ఒక్కతే నిలబడి ఉంది. ఒక చెయ్యి కాస్త కిందికి చాచి, పక్కన చిన్నవాడెవడో వేలు పట్టుకున్నట్టు.

నాకు నడుం రెండుగా వంగిపోయింది. అమ్మాయి పరుగున వచ్చి పట్టుకుంది.

“ఏమైంది నాన్నా, కడుపులో నొప్పా?”

అవునన్నాను.