వాగు ఒడ్డు బావి తవ్వించవద్దు

భూపాలపల్లి,
9-2-2025.

పురుషోత్తంకు ఆశీస్సులు. ఫోనులో చెబితే "సరే అమ్మా" అని మరచిపోతావు. శివరాత్రి వెళ్లగానే మన వాగు ఒడ్డు బావిని లోతు చేయిస్తానన్నావు కదా, అది ఆపడానికే ఈ కార్డు.

నిన్న నీ బిడ్డ తనూజ వెంట ఇక్కడి వాగుకు వెళ్లాను. గులకరాళ్ల మధ్య ఎంత ఒండ్రు చేరుతోందో కొలవడం దాని ఉద్యోగం. వానలకు ముందు కడిగిన రాళ్లు నింపి పాతిపెట్టిన తీగబుట్టను పైకి తీసింది. బోర్లించినా ఒక్క రాయి రాలలేదు. చెంబెడు నీళ్లు పోస్తే పైనే నిలిచాయి.

"చూసినవా నాయినమ్మా, సందులన్ని మూసుకపోయినయ్. వాగుల నీళ్లున్నా ఒడ్డు బావికి ఊట రాదు."

"ఇంకా లోతుకు తవ్వితే?"

"నీళ్లయితే రావు గానీ రాతికట్టు కూలుతది."

ఆ మాట వినగానే మన వాగు గుర్తొచ్చింది. కార్తికంలో మన వాగులో దిగితే కాలికి రాయి తగల్లేదు, మెత్తగా ఉందని సంతోషించాను. మన బావి తూర్పు కట్టు అప్పటికే జానెడు ఉబ్బి ఉంది. అందులో తవ్వడానికి దిగేది రాజమల్లు. "బావికి నేను కొత్తనా అమ్మా" అని నవ్వుకుంటూ దిగుతాడు. నీ మాట కాదనడు.

కందులు డబ్బాలకెత్తారా? కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? అందరికీ మీ అమ్మ దీవెనలు. ఇక చేయవలసినవి:

1. బావి పని మానుకో.
2. 23న తనూజ వచ్చి మన వాగు చూస్తుంది. అంతవరకు బావిలోకి ఎవరూ దిగరాదు.
3. ఈ కార్డును రాజమల్లు భార్య బాలనర్సమ్మకు చదివి వినిపించు. నువ్వు మరచినా ఆమె మరవదు.