తాత పేరు

బ్రిస్బేన్, అక్టోబరు 1999. మంగళవారం రాత్రి.

జైళ్ళ శాఖ కంప్యూటర్లో వైటూకే కోసం, అంటే 2000 వచ్చాక లెక్క తప్పకుండా, రెండంకెల సంవత్సరాలున్న తేదీలు సరిచేస్తుంటే, ఇవాళ ఒకే పేరుతో, ఒకే ఊరితో రెండు రికార్డులు వచ్చాయి. పుట్టిన సంవత్సరం ఒకదాంట్లో 31, ఇంకోదాంట్లో 79. రెండింట్లోనూ మనిషి ఇంకా జైల్లోనే ఉన్నట్టుంది. ఏదో ఒకటి తప్పుగా పడిందనుకుని, 79ని డూప్లికేట్ కింద తీసేయబోయాను.

పక్క సీటు కారొల్ తొంగిచూసి, "నో మేట్, అది తాత, ఇది మనవడు. అబోరిజినల్ ఫ్యామిలీ," అంది. అంటే ఆస్ట్రేలియా ఆదివాసులు.

తాత పేరు మనవడికి పెడతారని నాకు తట్టకపోవడమేమిటి! మావాడికి మా నాన్న పేరు పెట్టింది నేనే కదా.

"మరి మధ్యలో తండ్రి?" అన్నాను.

"స్క్రోల్ డౌన్ మేట్, వస్తాడు," అంది, టీ తాగుతూనే.

వచ్చాడు. అతనూ జైల్లోనే.

రెండు రికార్డులూ ఉంచాలా, వద్దా అని ప్రోగ్రాం అడిగింది. ఉంచమని నొక్కాను. ఇంకేం నొక్కను?

ఇంటికొచ్చేసరికి పద్మ, "ఏమండీ, వాడు అన్నానికి రానంటున్నాడు, మీరొకసారి పిలవండి," అంది. వాడి గది గుమ్మం దాకా వెళ్ళాను. వాడి పేరు, మా నాన్న పేరు, నోటి దాకా వచ్చి ఆగిపోయింది.