పుట్టిన ఊరివాళ్ళకే ఇస్తారట

బాపట్ల,
ఆదివారం.

అమ్మకీ నాన్నకీ పెద్దపిల్ల వరలక్ష్మి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరందరూ ఎలా ఉన్నారోనని రోజూ అనుకుంటూనే ఉంటాను. అమ్మా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆముదం కాచి రాసుకోమన్నాను, రాస్తున్నావా, లేక దానికేం చెప్తుంది, చెయ్యాల్సింది నేను కదా అని వదిలేశావా? గేదె ఈనిందా? నాయనమ్మకి దగ్గు తగ్గిందా?

నాన్నా, ఈ ఉత్తరం మీరే అమ్మకి చదివి వినిపిస్తారు కదా. ఒక్క మనవి. మొత్తం చదవండి. గొడవొచ్చే ముక్క కనపడితే మింగేసి పక్క లైన్లోకి దాటేయడం మీకు అలవాటు. ఈసారి అలా చెయ్యకండి. మీరు దాటేస్తే నా చదువు కూడా దాటిపోతుంది.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను. హాస్టల్లో గదికి నలుగురం. రాత్రుళ్ళు సముద్రం గాలి వీస్తే పక్క మీద కూడా ఇసకే. ఇక్కడి నేలంతా ఇసక. ప్రాక్టికల్‌కి పొలంలో దిగితే కాళ్ళు దులుపుకుంటే చాలు, కడుక్కోనక్కర్లేదు. ఏటి నడుమ మన లంక ఒండ్రులో దిగితే చెప్పు ఒకచోట కాలు ఒకచోట అయ్యేది, గుర్తుందా! ఇక్కడ అంతా శుభ్రంగా ఉంటుంది, అదే నాకు బెంగ. మెస్సులో సాంబారు నీళ్ళలా ఉంటుంది గానీ అన్నం కడుపునిండా పెడతారు. నేను బాగానే తింటున్నాను, చిక్కిపోయానని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీరు జ్ఞాపకం వస్తే మాత్రం ముద్ద దిగదు. అది రోజూ కాదు.

ఇక అసలు సంగతి. మెస్సు బిల్లు బాకీ పడ్డాను. బాకీ ఉన్నవాళ్ళకి పరీక్ష హాల్ టికెట్ ఇవ్వరని నోటీసు బోర్డులో పేర్లు పెట్టారు. నా పేరుంది. దాని ముందు నుంచి నడవాల్సొస్తుందని క్లాసుకి వెనక దారిన పోతున్నాను. నాన్నా, కంగారుపడి ఎక్కడా వడ్డీకి తేవద్దు. నిరుడు వరదకి అరటితోట కొట్టుకుపోయిన అప్పే మన నెత్తిమీద ఉంది. సర్కారు స్కాలర్‌షిప్ వస్తుంది వస్తుంది అంటున్నారు. అది వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి.

అందుకని నేనే బయల్దేరాను. అడగందే అమ్మైనా పెట్టదంటారుగా. చదువుకునే పిల్లలకి సాయం చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, కాకపోతే ఒక్కొక్కరిదీ ఒక్కో షరతు. తెనాలిలో ఒక సత్రంవాళ్ళు ఇస్తారంటే వెళ్ళాను. కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, కులం అడిగి, మా వాళ్ళకేనమ్మా అన్నారు. మజ్జిగ బాగుంది. రేపల్లెలో ఒకాయన ఇస్తారంటే అక్కడికీ వెళ్ళాను. ఆయన మగపిల్లలకే ఇస్తారట. ‘ఆడపిల్లకి వ్యవసాయం చదువెందుకమ్మా, నాగలి పడతావా?’ అన్నారు. వరదప్పుడు గట్టు వేసింది మా అమ్మేనండి అని నోటిదాకా వచ్చింది. నమస్కారం పెట్టి వచ్చేశాను. తిరిగొచ్చే బండిలో కిటికీ పక్కన కూచుని ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

మా గదిలో రమణి అనే అమ్మాయిది వేమూరు. నా ఏడుపు చూడలేక, జంపనిలో ఒక ట్రస్టు ఉందని చెప్పింది. ఆ ఊళ్ళో పుట్టి, బాగా సంపాదించి, బొంబాయిలో స్థిరపడ్డాయన పెట్టారట. కులం లేదు, ఆడామగా లేదు. షరతు ఒక్కటే, జంపనిలో పుట్టినవాళ్ళకే ఇస్తారు.

నాన్నా, ఇక్కడ కాసేపు ఆగండి. అమ్మకి మంచినీళ్ళివ్వండి.

అమ్మా, నేను జంపని వెళ్ళాను. నిన్ను అడిగితే వద్దంటావని అడక్కుండానే వెళ్ళాను. మావయ్య ఇంటికి వెళ్ళాలని మాత్రం కాదు, ఒట్టు. నేరుగా ట్రస్టు చూసే మేష్టారింటికి వెళ్ళి, పని చూసుకుని, ఎవరికంటా పడకుండా వచ్చేద్దామనుకున్నాను.

ఆ మేష్టారు రిటైరయ్యారు. అరుగు మీద కూచుని పత్తిలోంచి గింజలు తీస్తున్నారు.

‘ఏ ఊరమ్మా?’ అన్నారు.

‘కొల్లూరు దగ్గర లంకండి.’

‘ఇది మా ఊరి పిల్లలకమ్మా.’

‘నేను ఈ ఊళ్ళోనే పుట్టానండి. మా అమ్మ తొలికాన్పుకి ఇక్కడికే వచ్చిందండి. మూడో నెల్లో లంకకి తీసుకెళ్ళారంట.’

ఆయన నెత్తి కొట్టుకున్నారు. ‘ఇదిగో, ఇంకొకత్తె వచ్చింది! ఆయనేమో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకని రాయించి బొంబాయి బండెక్కేశాడు. మా కోడళ్ళంతా తొలికాన్పుకి పుట్టిళ్ళకి పోయారు. ఇక్కడ పెరిగిన పెద్దపిల్లలు ఒక్కరూ పనికిరారు. ఎక్కడెక్కడో పెరిగిన మా ఆడపిల్లల పెద్దపిల్లలొచ్చి పట్టుకుపోతున్నారు. నా పెద్దమనవడికే లేదమ్మా, వాడు పుట్టింది పొన్నూరు!’ అని, కాసేపటికి చల్లబడి, ‘రాసిన మాట రాసిందే. ఎవరింట్లో పుట్టావు? ఆ ఇంటివాళ్ళు వచ్చి చెప్పాలి’ అన్నారు.

చెప్పకుండా వచ్చేద్దామనే అనుకున్నాను. అరుగు దిగి వీధిలోకి వచ్చాను. నోటీసు బోర్డు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి తాతయ్య పేరు చెప్పాను.

మావయ్య ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య వాకిట్లో ధాన్యం ఎండబోస్తోంది. నన్ను చూసి, ఎవరని అడక్కుండా, ‘మీ అమ్మ కూడా వచ్చిందా?’ అని నా వెనక వీధిలోకి చూసింది. ఎవరూ లేకపోయేసరికి కొంగుతో కళ్ళొత్తుకుంది. మావయ్య బాగా పెద్దవాడైపోయాడమ్మా. సంగతి చెప్తే వెంటనే చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. మేష్టారితో, ‘మా ఇంట్లోనేనండి, మధ్య గదిలో. మంత్రసానిని సైకిలెక్కించుకొచ్చింది నేనే. దీని ఏడుపు వీధిలోకి వినపడిందండి’ అన్నాడు. మేష్టారు సరేనన్నారు.

నాన్నా, ఇక్కడ దాటేయకండి.

తిరిగొస్తుంటే దారిలో మావయ్య అమ్మమ్మ పోయిన రోజు సంగతి ఎత్తాడు. నేను అడగలేదు. ‘మీ అమ్మకి కబురంపిన మాట నిజమేనే. ఏరు పోటు మీదుంది, పడవ కట్టడం లేదని మనిషి ఒడ్డు నుంచే తిరిగొచ్చాడు. వాణ్ణి ఎన్నాళ్ళో తిట్టాను. తిట్టుకోవాల్సింది నన్ను. శవాన్ని ఎత్తేద్దామని పెద్దాళ్ళు తొందరపెడితే ఊఁ అన్నాను. ఒక్క పూట ఆపితే అది తల్లి మొహం చూసుకునేది’ అన్నాడు. ఇది నీకు చెప్పమని అనలేదు. నేనే రాస్తున్నాను.

మెస్సు బిల్లు తనే కట్టేస్తానన్నాడు. వద్దు మావయ్యా, అమ్మ నన్ను చంపేస్తుంది అన్నాను. అదీ నిజమేలే అన్నాడు.

ఇప్పుడు చెప్పక తప్పనిది చెప్తాను. ట్రస్టు పెట్టినాయన్ని వాళ్ళమ్మ ఒక్కతే కష్టపడి పెంచిందట. అందుకని చెక్కు పిల్లల చేతికివ్వరు, తండ్రి చేతికీ ఇవ్వరు. ఆవిడ పోయిన తిథినాడు, ఆ ఊళ్ళోనే, అందరి ముందూ పిల్లని కన్నతల్లి చేతికే ఇస్తారు. ఈ ఏడు అది వచ్చే నెల రెండో ఆదివారం పడింది. ‘మీ అమ్మ వస్తుందామ్మా?’ అని మేష్టారు అడిగారు. వస్తుందండి అనేశాను. మావయ్య నావైపు చూసి తల దించుకున్నాడు.

అప్పట్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆ ఊరి పొలిమేర తొక్కనని నువ్వు అన్న మాట నేను మర్చిపోలేదు. నీ కోపం తప్పని నేను అనను. నాకు అలా జరిగితే నేనూ తొక్కను. అయినా అడుగుతున్నాను. ఆ ఆదివారం పొద్దున నేను తెనాలి వచ్చి జంపని మీదుగా పోయే రేపల్లె బండి దగ్గర ఉంటాను. మీరు కొల్లూరు బస్సు దిగి నేరుగా స్టేషనుకి రండి. నువ్వు రాకపోతే నేనూ జంపని వెళ్ళను, తిరిగి బాపట్ల బండెక్కేస్తాను. పరీక్ష పోతే పోయింది, నాకేం బాధ లేదు అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నాకు పరీక్ష రాయాలనుంది అమ్మా, చాలా ఉంది.

వస్తే చింతకాయ పచ్చడి కొంచెం తీసుకురా. రాకపోయినా ఎవరితోనైనా పంపు. నాయనమ్మకి నా నమస్కారాలు చెప్పండి, చెల్లి జడ సరిగ్గా వేసుకుంటోందో లేదో చూడండి. నన్ను తిట్టినా సరే, తిట్టిన నోటితోనే దీవించండి.

ఇంకొక్క మాట. జంపనిలో బండెక్కేటప్పుడు మావయ్య, ఆ రోజు ఏ బండికొస్తారు అని అడిగాడు. తెలీదు మావయ్యా, అమ్మ వస్తుందో రాదో కూడా తెలీదు అన్నాను. ‘అయితే పొద్దున్నించీ స్టేషన్లోనే ఉంటాలే’ అన్నాడు. మనం రాకపోతే, రావడం లేదని ఆయనకి చెప్పే మనిషి ఉండడమ్మా.

నీ కూతురు,
వరలక్ష్మి