నెమలికంఠం రంగు కాగితం

మంగళవారం, రాత్రి

పడుకుని మళ్ళీ లేచాను.

మా సింధుకి డిస్లెక్సియా అని తెలిసిన రోజే, పుస్తకం మీద రంగు కాగితం పెడితే అక్షరాలు కుదురుగా కనిపిస్తాయట కదా అని అడిగితే బడిలో టీచర్ చెప్పింది, “రంగు కాగితాలతో చదువొస్తుందని రుజువేమీ లేదమ్మా. రోజూ కాసేపు కూర్చోబెట్టి ఒక్కో అక్షరం, దాని శబ్దం నేర్పించండి” అని. నేను వింటేగా! దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా ఏ చీర చూపించినా సరిపోయే జాకెట్ పీస్ తీసి ఇస్తున్నాను. నా కూతురికి సరిపోయే రంగు నాకు దొరకదా అనుకున్నాను. వారం నుంచి పుస్తకం మీద రోజుకో రంగు జిలటిన్ కాగితం పెట్టి చదివించాను. పసుపు, గులాబి, ఊదా, ఏదీ పనిచేయలేదు.

ఇవాళ ఇంటికి రాగానే నెమలికంఠం రంగు పెట్టాను. కుందేలు పాఠం గడగడా చదివేసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పేజీ అయిపోయింది. తిప్పనే లేదు, అయినా వెనక పేజీలోది కూడా చదువుతూనే ఉంది.

“బట్టీ పట్టినవా?” అన్నాను.

“పక్కింటక్కతోని చదివించుకొని ఇన్న.”

“ఎందుకే?”

“రంగు మార్చినప్పుడల్లా నా మొహమే చూస్తున్నవ్ గదా అమ్మా. మళ్ల ఏడుస్తవేమోనని.”

రేపటి నుంచి టీచర్ చెప్పినట్టే కూర్చోవాలి. షాపు నుంచి ఎల్బీ నగర్‌లో ఇల్లు చేరేసరికే ఎనిమిదిన్నర. దానికప్పటికే నిద్రొస్తుంటుంది. ఎట్లా మరి...

కాగితాలన్నీ చింపేశాను. ఆకుపచ్చది ఒక్కటే ఇంకా పెట్టి చూడలేదు. దాన్ని చింపడానికి చేతులు రాలేదు. సింధుకి కనపడకుండా ఈ డైరీలోనే పెట్టాను.