నీ ఫ్లెక్సీల ఖాళీ జాగ

చిట్టీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నాచారం చౌరస్తాల కట్టేటందుకు నీ మల్లేశం మామ ఫ్లెక్సీ చేయించుకొచ్చిండు. నీ ఫోటో పక్కకు రెండు నెమళ్లు, దీపాలు, గులాబీలు, కింద మన సుట్టాలందరి మొకాలు. అండ్ల నిన్ను ఎతుక్కోవలసి వచ్చింది బిడ్డా.

ఇన్నేండ్లు పేపర్ల వార్తలు రాసినవ్. నీ పేరు పడ్డ రోజు సుత రాసింది ఇడిచిపెట్టి, "పేజీ ఎట్ల పెట్టిన్రో సూడమ్మా, గీ ఖాళీ జాగల కండ్లు జర కూసుంటయి" అంటుంటివి. అచ్చరాలు కూడుకొని చదివే నాకు గది మాత్రం సమజైంది.

అందుకే ఉప్పల్ల ఫ్లెక్సీ దుకాణానికి నేనే పోయిన. నెమళ్లు, దీపాలు, మొకాలు అన్ని తీసేయమన్న. ఎరుకైనంక మామ ఇంటికొచ్చి మస్తు గరమైండు.

"ఏందక్కా, ఇంత జాగ ఉత్తగ ఇడుస్తవా? పిల్లకు మేనమామ లేడనుకోరా జనం?"

"నీ మొకం చౌరస్తాల ఫ్లెక్సీల మీద రోజు సూస్తనే ఉన్నరు తియ్ తమ్మీ" అన్న. అలిగి చాయ్ గూడ తాగకుంట పోయిండు.

పొద్దటిసంది నాకు కాలు నిలుస్తలేదు. కొత్త ఫ్లెక్సీ ఇప్పి సూస్తున్న, మల్ల చుడుతున్న. అంత తెల్లగ, నడిమిట్ల నువ్వు, కింద నీ పేరు. పేరు జర చిన్నగైందా? ఎవల్నడగాలె?

రేపు నీకు ఇస్తరి ఏసి చేపల పులుసు పెడ్త. ఆఫీసు నుంచి ఫోన్ మోగినా ఎప్పటి లెక్క సగంల లేవకు. కడుపునిండ తిను బిడ్డా.